మూడు లక్షల సినిమా: బెజవాడలో దేనికి ఖర్చుపెట్టాలి, దేనికి అక్కర్లేదు

"అన్నా, ఏ కెమెరా తీసుకోమంటావ్?" గుంటూరు అరండల్‌పేటలో టీ తాగుతుంటే మొన్నొక కుర్రాడు అడిగాడు. కథ ఎంతవరకు వచ్చిందిరా అంటే సెకండాఫ్ ఇంకా రాయలేదన్నాడు. తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నేనూ కెమెరా దగ్గరే మొదలుపెట్టి ఏడాదిన్నర పోగొట్టుకున్నవాణ్ణే.

ఒక లెక్క అనుకుందాం. చేతిలో మూడు లక్షలున్నాయి. గంటా నలభై నిమిషాల సినిమా తీయాలి. విజయవాడ, గుంటూరు దాటి వెళ్ళేది లేదు. పదిమంది స్నేహితులు, ఎవరి ఉద్యోగం వాళ్ళది. ఈ పరిస్థితిలో ఏది ఎంచుకోవాలన్నా నేను అడిగేది ఒక్కటే: ఇది పాడైతే మళ్ళీ చేసుకోగలమా? ఎడిటింగ్ కుదరకపోతే ఇంకో నెల కూర్చుంటాం. రంగు తేడా కొడితే దిద్దుకుంటాం. హోరులో కలిసిపోయిన డైలాగు, అద్దెకుండేవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన ఇల్లు, మీసం తీసేసిన హీరో మాత్రం తిరిగిరావు. డబ్బు పెట్టాల్సింది అలాంటి చోట.

ఫోనా, అద్దె కెమెరానా, సొంతమా

సొంత కెమెరా ముందే తీసేద్దాం. బాడీ, లెన్సులు, బ్యాటరీలు, కార్డులు కొనేసరికి మూడు లక్షల్లో సగానికి పైగా అక్కడే అయిపోతుంది. పెళ్ళిళ్ళు కూడా తీసి సంపాదిస్తానంటే అది వేరే వ్యాపారం. దాని లెక్క దానికి వేసుకోండి.

మిగిలింది ఫోనూ, అద్దె కెమెరా. ఫోనుతో థియేటర్ సినిమా అవుతుందా అన్న అనుమానం 2015లోనే తీరిపోయింది. అమెరికాలో 'టాంజరిన్' అనే సినిమాను ఐఫోన్ 5ఎస్‌తో తీసి విడుదల చేశారు. ఇప్పుడు మన జేబుల్లో ఉన్నవి దానికంటే చాలా మెరుగు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే యాప్ ఉచితంగానే దొరుకుతుంది, ఐఫోన్‌కీ ఉంది, ఆండ్రాయిడ్‌కీ ఉంది. ఫోకస్, షట్టర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మన చేతికొస్తాయి. ఫోను చేతులెత్తేసేది రెండుచోట్ల. ఒకటి, రాత్రి వీధిదీపాల వెలుగులో తీసే సీన్లు: బొమ్మంతా చీమలు పాకినట్టుంటుంది. రెండు, మన ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఫోనెంత? కృష్ణ ఇసుకలో పావుగంట తీసేసరికి వేడెక్కి రికార్డింగ్ ఆగిపోయింది. తడిగుడ్డలో చుట్టి, గొడుగు పట్టి, పిల్లాడికి జ్వరం తగ్గించినట్టు కూర్చున్నాం.

ఫోను తీసుకున్నా, కెమెరా తీసుకున్నా షట్టర్, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయం, దాని సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకి వందసార్లు తగ్గి పెరుగుతుంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోను తనంతట తాను సెకనుకి ముప్పై ఫ్రేములు, షట్టర్ అరవైలో ఒక వంతు పెట్టుకుందంటే గోడ మీద నల్లచారలు మెల్లగా పైకి పాకుతుంటాయి. మేం ఒక పూటంతా అలాగే తీశాం. చిన్న తెరమీద ఎవరూ గమనించలేదు, ఇంటికెళ్ళి టీవీకి పెడితే గోడ ఊపిరి పీలుస్తోంది. 24 ఫ్రేములు పెట్టి, షట్టర్ యాభైలో ఒక వంతుకి తాళం వేసేయండి. చారలు మాయమవుతాయి.

అద్దె కెమెరా విషయంలో మన ఊళ్ళో ఒక కిటుకుంది. ఇక్కడ అద్దెకిచ్చే కెమెరాల్లో చాలావరకు తిరిగేది పెళ్ళిళ్ళకే. గట్టి ముహూర్తాలున్న వారంలో వెళితే బతిమాలినా దొరకవు, దొరికినా బేరం ఉండదు. మూఢంలో, ఆషాఢంలో, పుష్యంలో అవే కెమెరాలు బీరువాల్లో పడుంటాయి. వారానికి కలిపి మాట్లాడుకుంటే ధర దిగుతుంది, ఒక్కోసారి కెమెరాతోపాటు తీసేవాడు కూడా బత్తా మీద వస్తాడు. పెళ్ళిళ్ళలో రెండో టేకు లేకుండా తాళి కట్టడం తీసినవాడు, చేతి వేగం ఉంటుంది. కాకపోతే ప్రతిదానికీ స్లో మోషన్ అంటాడు, అది మీరు చూసుకోవాలి.

నా ఓటు: పగటి కథ, ఇంటి కథ అయితే ఫోను. రాత్రులు ఎక్కువుంటే పుష్యమాసంలో అద్దె కెమెరా, దానికి తక్కువ వెలుగులోనూ పనిచేసే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఒకటి. లైట్ల కోసం మరీ కంగారుపడకండి. రెండు థర్మాకోల్ షీట్లు, ఒక నల్లగుడ్డ, కిటికీ ఉంటే మొదటి వారం గడిచిపోతుంది.

సింక్ సౌండా, డబ్బింగా

సింక్ సౌండ్ అంటే నటిస్తుండగానే లొకేషన్‌లో మాట పట్టుకోవడం. అసలు సినిమా ఇక్కడ నిలబడుతుంది, లేకపోతే ఇక్కడే కూలుతుంది. బొమ్మ కాస్త మసగ్గా ఉంటే "అలా తీశారేమో" అనుకుంటారు. మాట వినపడకపోతే లేచిపోతారు.

తెలుగు సినిమాకి డబ్బింగ్ అలవాటు పాతది. లొకేషన్‌లో గుర్తుకోసం పైలట్ ట్రాక్ పట్టుకోవడం, తర్వాత డబ్బింగ్ థియేటర్లో పెదాలకు సరిపడా చెప్పించడం. ఇందులో సుఖం తెలిసిందే. షూటింగ్‌లో లారీ హారన్ కొట్టినా, పక్కింటి కుక్క మొరిగినా ఆగక్కర్లేదు, రోజుకి ఎక్కువ సీన్లవుతాయి. కష్టం తర్వాత మొదలవుతుంది. థియేటరు అద్దె గంటల లెక్క. నటులు మళ్ళీ రావాలి. పైగా అడుగుల చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు, చీర కుచ్చిళ్ళ చప్పుడు అన్నీ మళ్ళీ పుట్టించాలి. అవి లేకపోతే మనుషులు గాలిలో నడుస్తున్నట్టుంటుంది.

ఇంకో ఇబ్బంది నాకు ఆలస్యంగా తెలిసింది. మా సినిమాలో అత్తగారి వేషం కృష్ణలంకలో ఒకావిడ వేశారు. ఎన్నడూ నటించినామె కాదు. లొకేషన్‌లో బియ్యం చెరుగుతూ కోడలితో "నాకేం తెలుసమ్మా, నేను చదువుకున్నదాన్నా" అంటే యూనిట్ అంతా మాట లేకుండా నిలబడిపోయాం. ఆ ట్రాక్ మీద ఫ్యాను హోరు. నెలన్నర తర్వాత గాజుగదిలో హెడ్‌ఫోన్ పెట్టి అదే మాట చెప్పమంటే, పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు చెప్పారావిడ. పదకొండుసార్లు చెప్పించాం. ఒక్కటీ రాలేదు. చేట చేతిలో ఉంటేనే ఆ మాట వస్తుందని అప్పటికి గానీ అర్థం కాలేదు.

కాబట్టి ఈ ఎంపిక మీ నటుల్ని బట్టి ఉంటుంది. కొత్తవాళ్ళతో తీస్తుంటే సింక్ తప్పదు. స్టేజీ మీద, రేడియోలో ఆరితేరినవాళ్ళయితే డబ్బింగ్ పెట్టుకోవచ్చు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 నుంచి ఉంది, రేడియో నాటకాలకి పేరుమోసిన ఊరిది. గొంతుతోనే పాత్రని నిలబెట్టగలిగినవాళ్ళు ఇప్పటికీ తారసపడతారు.

సింక్‌కి సామాను తక్కువే. చిన్న రికార్డరు ఒకటి, కర్రకి కట్టిన మైకు ఒకటి, కాలరు మైకులు రెండు. 32 బిట్ ఫ్లోట్ రికార్డరు దొరికితే అదే తీసుకోండి. గుసగుసలాడుతున్న మనిషి ఒక్కసారిగా అరిచినా మాట చిట్లదు, తర్వాత తగ్గించుకోవచ్చు. కాలరు మైకు పట్టుచీరకి పెట్టకండి, మాటకంటే గరగర ఎక్కువ వస్తుంది. నేతచీర నయం. క్లాప్ కొట్టడం మానొద్దు, తర్వాత బొమ్మనీ శబ్దాన్నీ కలిపేది ఆ చప్పుడే. బోర్డు లేకపోతే చప్పట్లే చాలు. ఫోన్లు ఫ్రేముల వేగం అటూఇటూ మార్చుకుంటాయి, వేరే రికార్డరులో పట్టిన శబ్దంతో పది నిమిషాల టేకులో పెదవి జారిపోతుంది. యాప్‌లో వేగాన్ని కదలకుండా పెట్టుకోవాలి.

గదిలోకి వెళ్ళగానే ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ప్లగ్గు పీకినవాడు తన బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెట్టాలి, అప్పుడే ఇంటికెళ్ళే ముందు గుర్తొస్తుంది. మేం ఈ చిట్కా తెలుసుకునేలోపే పటమటలో ఒక ఇంటివాళ్ళ రెండు లీటర్ల పాలు విరిగాయి. సీను అయ్యాక ఎవరూ కదలకుండా అరనిమిషం ఖాళీ గది శబ్దం పట్టుకోండి. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య అతుకు వేసేది అదే.

మరి వీధిలో? బీసెంట్ రోడ్డులో సాయంత్రం సింక్ పట్టడం అంటే వానలో దీపం పెట్టడమే. కార్తీకమాసం మైకులు, దసరా భవానీల రద్దీ మొదలయ్యాయంటే ఇక దుర్గమ్మే దిక్కు. ఇక్కడికి మూడోదారి ఒకటుంది. 1992 నాటి 'ఎల్ మరియాచి' ఏడువేల డాలర్లతో తీసిన సినిమా. కెమెరా శబ్దం చేసేది, సింక్ కుదరదు. దర్శకుడు షాటు అవ్వగానే కెమెరా ఆపి, మైకు దగ్గరగా పెట్టి, నటుల చేత అవే మాటలు అక్కడికక్కడే మళ్ళీ చెప్పించుకున్నాడు. వేడి చల్లారకముందే చెప్తారు కాబట్టి వేగం చాలావరకు సరిపోతుంది. మేం ఆటోలో తీసిన సీన్లన్నిటికీ ఇదే చేశాం. సందులోకి ఆటో తిప్పి, ఇంజిను ఆపి, జానెడు దూరంలో మైకు పెట్టి రెండేసిసార్లు. గాజుగదిలో రానిది అక్కడ వచ్చింది.

ఇంట్లో సింక్, వీధిలో ఈ మూడోదారి, గుంపులకీ దూరం షాట్లకీ డబ్బింగ్. మూడూ కలిపి వాడుకుంటే ఎవరూ కనిపెట్టలేరు. మూడు లక్షల్లో అరవై డెబ్భై వేలు శబ్దానికే పక్కనపెట్టమంటాను. కెమెరాకి పెట్టినదానికంటే ఎక్కువైనా సరే.

ఏకబిగినా, ఆదివారాలా

ఏకబిగిన పన్నెండు రోజుల్లో వంద నిమిషాలు తీయాలంటే రోజుకి ఎనిమిది నిమిషాలకి పైగా పడాలి. ఇది గట్టి పరుగే. పన్నెండుమంది యూనిట్, మనిషికి రోజుకి టిఫిను, భోజనం, టీలకి 250 వేసుకున్నా 36 వేలు తిండికే అవుతుంది. ఆదివారాల్లో తీస్తే రోజుకి నాలుగైదు నిమిషాలు అనుకోండి, ఇరవై పాతిక ఆదివారాలు, అంటే ఆరునెలలు. సెలవులు పెట్టక్కర్లేదు. తీసింది వారమంతా చూసుకుని తప్పు దిద్దుకోవచ్చు. క్రిస్టఫర్ నోలన్ తొలి సినిమా 'ఫాలోయింగ్' ఇలాగే ఉద్యోగాలు చేసుకుంటూ శనివారాల్లో తీశారు. అయితే ముందు నెలల తరబడి రిహార్సల్ చేసి, ఫిల్ము వృథా కాకుండా ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. ఆ రిహార్సల్ మాట మనవాళ్ళు మర్చిపోతుంటారు.

నేను ఆదివారాలే ఎంచుకున్నాను. ఏడో ఆదివారం పొద్దున్నే మా హీరో టోపీ పెట్టుకుని దిగాడు. తీయరా అంటే నవ్వాడు. తీస్తే తిరుపతి గుండు. వాళ్ళమ్మ మొక్కు, మూడేళ్ళ నాటిది, ఆ వారమే కుదిరిందట. ఏమంటాం? మూడునెలలు ఆగాం. ఆ మూడునెలల్లో హీరోయిన్‌కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది.

అందుకే ఇప్పుడెవరు అడిగినా రెండూ కలపమంటాను. ముఖ్యపాత్రలు కలిసే సీన్లన్నీ ఏడెనిమిది రోజుల్లో ఏకబిగిన లాగేయాలి. ఒక్కరే నడిచేవి, ఊరి దృశ్యాలు, చేతులు, వస్తువులు ఆదివారాలకి వదలాలి. ఆ ఏడెనిమిది రోజులకి పుష్యమాసం కంటే మంచి కాలం మన దగ్గర లేదు. పెళ్ళిళ్ళుండవు కాబట్టి కెమెరాలు ఖాళీ. చలికి ఫ్యాన్లు ఎలాగూ ఆపి ఉంటాయి, సింక్‌కి అంతకంటే ఏం కావాలి? ఏలూరు కాలువ, బందరు కాలువ మీద పొద్దున ఎనిమిదింటివరకు పొగమంచు, పైసా ఖర్చులేని లైటింగ్. సంక్రాంతి నాలుగురోజులు మాత్రం వదిలేయండి. యూనిట్లో సగంమంది కోడిపందేల బరి దగ్గరే ఉంటారు.

విజయవాడా, గుంటూరా

చూడ్డానికి విజయవాడ. వన్ టౌన్ కొండమీద ఒకదాని నెత్తిన ఒకటి కట్టిన ఇళ్ళు, ఆ మెట్లు, కింద రైలు పట్టాలు, కాలువగట్లు. ఎక్కడ కెమెరా పెట్టినా ఏదో ఒకటి జరుగుతుంటుంది. కాకపోతే సామాను మెట్లెక్కించేసరికి పూట గడుస్తుంది, జనం మూగుతారు.

పని జరగడానికి గుంటూరు. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లు, అడ్డరోడ్లు ఒకేలా ఉంటాయి. నాలుగో లైన్లో తీసిందీ ఆరో లైన్లో తీసిందీ ఒకే వీధి అని నమ్మించొచ్చు, రెండు ఊళ్ళని కూడా నమ్మించొచ్చు. మధ్యాహ్నం నిశ్శబ్దంగా ఉంటాయి. మిర్చి యార్డులో సీను పెట్టుకోవాలన్న కోరిక అందరికీ ఉంటుంది, ఎర్రటి కుప్పలు తెరమీద బ్రహ్మాండంగా ఉంటాయి కూడా. సరుకు బాగా వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు తీసేయండి, వేసవిలో యార్డుకి సెలవులిస్తారు. అక్కడ మాత్రం సింక్ పెట్టుకోవద్దు. ఘాటుకి నాలుగో మాటకే దగ్గు అందుకుంటుంది, సౌండ్ పట్టేవాడితో సహా.

పెద్ద చోట్లకి ఆశపడేముందు కాగితాలు చూసుకోండి. ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తుశాఖ చేతిలో ఉన్నాయి, వాళ్ళ అనుమతి లేకుండా ట్రైపాడ్ దించినా సెక్యూరిటీవాళ్ళు వచ్చేస్తారు. ప్రకాశం బ్యారేజీ, రైల్వేస్టేషన్, భవానీ ద్వీపం ఒక్కోటి ఒక్కో శాఖ. రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థని ముందే కలిస్తే ఎవరిని అడగాలో తేలుతుంది. ఒక్క షాటు కోసం ఇంత తిరగడం కంటే కథనే ఒక ఇంట్లోకి, ఒక సందులోకి కుదించడం మేలు. వైజాగ్‌లో 'కేరాఫ్ కంచరపాలెం' తీసినవాళ్ళు ఆ పేటని, ఆ పేట మనుషుల్నే నమ్ముకున్నారు, 2018లో రాష్ట్రమంతా చూసింది.

ఎడిటింగ్: సొంతమే

ఇక్కడ పెద్దగా ఆలోచించేది లేదు. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో కోత, రంగు, శబ్దం మూడూ చేసుకోవచ్చు, 4కె వరకు తీసివ్వొచ్చు. ఖర్చంతా హార్డ్ డిస్కుల్లోనే ఉంటుంది. ఒక నిమిషం సినిమాకి ఎనిమిది నిమిషాలు తీశారనుకుంటే వంద నిమిషాలకి 800 నిమిషాలు. మామూలు 4కె సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన గంటకి 45 జీబీ, మొత్తం 600 జీబీ. అదే ఐఫోన్‌లో ప్రోరెస్ 4కె, అంటే పెద్దగా కుదించకుండా దాచే వీడియో అన్నారంటే నిమిషానికే దాదాపు 6 జీబీ, మొత్తం 4.8 టీబీ. ప్రతిదీ రెండు డిస్కుల్లో, రెండిళ్ళలో ఉండాలి. ప్రోరెస్ ఎందుకు వద్దంటున్నానో అర్థమైందిగా.

థియేటరా, ఓటీటీనా, యూట్యూబా

ఇది చివర్లో చూసుకునే విషయం కాదు, తీయకముందే తేల్చుకోవాలి. థియేటర్ అయితే సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయంలో. 2024 నుంచి యూఏని, అంటే పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్‌ని, 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు చేశారు. కథలో ఎద్దుబండి ఉంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే తీసుకోవాలి. తాత చుట్ట కాలిస్తే హెచ్చరికలు వేయాలి. ఎద్దుని సైకిల్ చేస్తే, చుట్టని కిళ్ళీ చేస్తే అక్కడికి సగం తిరుగుడు తప్పుతుంది. థియేటర్‌కి ఇవ్వాల్సిన డీసీపీని, అంటే అక్కడి ప్రొజెక్టరు చదివే సినిమా ఫైళ్ళని, డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. తర్వాత గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు. కొత్తవాళ్ళకి అడ్వాన్సులిచ్చే రోజులు కావు. హాలు అద్దె మనమే కట్టి, వచ్చిన టిక్కెట్ డబ్బు మనం తీసుకోవాలి. మూడు లక్షల్లో సినిమా తీసి, ఇంకో మూడు లక్షలు ఇక్కడ పెట్టేవాళ్ళని చూశాను. నా సలహా అడిగితే ఒక ఊరు, ఒక హాలు, ఒక్క ఆదివారం ఉదయం ఆట. అది మన సంతోషానికి.

యూట్యూబ్‌కి సెన్సార్ అక్కర్లేదు. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. కొత్త ఛానల్లో ఒక్క సినిమాతో అది కష్టం. కాబట్టి ముందునుంచే చిన్నచిన్నవి పెడుతూ రావాలి.

ఓటీటీకి కూడా సెన్సార్ పత్రం చట్టప్రకారం అవసరం లేదు. వాళ్ళు చూసేది వేరే: శబ్దం నాణ్యత, చుట్టూ వినిపించేలా చేసిన 5.1 మిక్సు, మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్ళు విడిగా ఉన్న ట్రాక్. ఆ తర్వాత హక్కుల కాగితాలు. సంగీతం ఎవరిది, కథ ఎవరిది, తెరమీద కనిపించినవాళ్ళు ఒప్పుకున్నారా. టీకొట్టు రేడియోలో పాత సినిమా పాట వెనక వినిపించినా ఇబ్బందే, యూట్యూబ్ అయినా పట్టేస్తుంది. మా సీన్లో అలా ఒకటి దొర్లి, మంచి మాటలున్న నిమిషం మొత్తం తీసేయాల్సివచ్చింది.

నన్నడిగితే ఈ మూడింట్లో ఓటీటీనే లక్ష్యంగా పెట్టుకోమంటాను, రాకపోతే యూట్యూబ్ ఎక్కడికీ పోదు. ఓటీటీ కోసం తీసింది యూట్యూబ్‌కి పనికొస్తుంది, తిరగేస్తే పనికిరాదు. తెరమీద కనిపించేవాళ్ళ సంతకాలు ఏ రోజువి ఆ రోజే పెట్టించుకోండి, బత్తా ఇస్తూనో, భోజనం పెడుతూనో. సత్యనారాయణపురంలో బజ్జీలబండాయన దగ్గర మేం మర్చిపోయి ఎనిమిదినెలల తర్వాత వెళ్ళాం. ఏమంటాడోనని భయపడుతూనే కాగితం చాపితే, నూనె చేతులు తుడుచుకుని సంతకం పెట్టి, ఒక్కటే అడిగాడు: "మా బండి మీద పేరు కనపడుద్దా?"